మూడు డబ్బాలూ, రెక్కల ఏనుగూ

"మొదట్లో నా చేతిలో ఉన్నవి మూడే మూడు రంగు డబ్బాలు," అన్నాడు బాబాయ్. "ఎరుపొకటి, పసుపొకటి, నీలమొకటి. నాలుగోది కొనే తాహతు లేదు, అరువిచ్చే నాథుడు లేడు. అదీ నా మూలధనం. ఇవాళ మీకెక్కడైనా రెక్కల గుర్రం కనపడిందా, సగం చేప సగం మనిషి కనపడిందా, వాటి తాతముత్తాతలు ఆ మూడు డబ్బాల్లోంచి పుట్టినవాళ్ళే."

"రైట్ రైట్," అన్నాడు కండక్టరు, టీ గ్లాసు పెదాల దగ్గరే ఉంచుకుని. ఉద్యోగం దిగిపోయి చాలా కాలమైనా, ఎవరైనా కోతలు మొదలుపెడితే ఆయన నోట్లోంచి ఇప్పటికీ అదే మాట వస్తుంది.

టీ కొట్టు ముందు పొడుగాటి బల్ల మీద ముగ్గురు కూర్చుని ఉన్నారు. ఆ చివర కండక్టరు, మధ్యలో టైలరు, ఈ చివర ఎలక్ట్రీషియన్. బాబాయ్ ఒక్కడే నిలబడ్డాడు. స్టవ్ వెనకనుంచి కొట్టు నడిపే అమ్మాయి ఆయన్నే చూస్తోంది. ఆయన ఆమెకి పిన్ని మొగుడు. ఆ బల్లకి రంగులేసిందీ ఆయనే, నిన్న సాయంత్రం.

నిన్న మధ్యాహ్నం దాకా అది పాత చెక్క బల్ల. ఇవాళ దాని మీద ఒక లోకం దిగింది. వెన్నుపలక నిండా తీగలు, తీగకో పువ్వు, పువ్వుకో కన్ను. కూర్చునే పలక మీద ఒక చివర ఏడు పడగల పాము, ఇంకో చివర సగం చేప సగం ఆడమనిషి, నట్టనడుమ రెక్కలు చాపిన ఏనుగు. పొలుసు పొలుసుకీ చుక్క, ఈక ఈకకీ అంచు, ఏదీ చదునుగా లేదు, అన్నీ ఉబ్బెత్తుగా లేచి నిలబడ్డాయి. పొద్దున అమ్మాయి వేలితో తాకి చూసింది. వేలికి ఏమీ అంటలేదు. అద్దంలా మెరిసింది. అందుకే మొదటి బేరానికి వచ్చిన ముగ్గురినీ తనే పిలిచి కూర్చోబెట్టింది.

ఆ బల్ల ఒక పరీక్ష. రోడ్డుకి అవతల అద్దాల కాఫీ షాపు తయారవుతోంది, వచ్చే వారమే తెరుస్తారట. బస్సు దిగినవాడి చూపు అటు పోకముందే ఇటు తిప్పాలని అమ్మాయి పట్టుదల. తన కొట్టు పక్కగోడ ఖాళీగా ఉంది. దాని నిండా బొమ్మలు వేయించాలని ఆరు డబ్బాల రంగు కొని వెనక గదిలో పెట్టి తాళం వేసింది. బాబాయ్ ఆ గోడ కోసం తహతహలాడిపోతున్నాడు. షాపులన్నీ ఫ్లెక్సీలు కట్టుకోవడం మొదలెట్టాక ఆయన కుంచెకి గోడన్నది దొరకలేదు. "ముందు బల్ల వెయ్యి బాబాయ్. కూర్చున్నవాళ్ళు మెచ్చుకుంటే గోడ నీదే. లేకపోతే నేనూ ఫ్లెక్సీయే కట్టుకుంటా," అంది అమ్మాయి. చుట్టరికం చుట్టరికమే, లెక్క లెక్కే.

రాత్రి పిన్ని ఫోన్ చేసింది. "పని ఇచ్చావట, మంచిదే. ఒక్కటి గుర్తుపెట్టుకో. మీ బాబాయ్ మామూలుగా కోతలు కోస్తే పరవాలేదు, అది ఆయనకి ఊపిరి. ఆపకుండా కోస్తే మాత్రం, ఏం పాడు చేశాడో వెతుక్కో."

అమ్మాయికి ఆ మాట పొద్దున్నుంచీ బుర్రలో తిరుగుతోంది. ఎందుకంటే బాబాయ్ వచ్చిన తీరే వింతగా ఉంది. ముగ్గురూ బల్ల మీద ఉండడం చూసి, ఒక కాలు మెట్టు మీదా ఒక కాలు రోడ్డు మీదా పెట్టి ఆగిపోయాడు. "కూర్చున్నారా?" అన్నాడు. "కూర్చోక పడుకుంటామా?" అన్నాడు టైలరు. "ఎంతసేపైంది?" అన్నాడు బాబాయ్. ఇప్పుడే అన్నారు. బల్ల ఎలా ఉందని అడగలేదు. టీ అడగలేదు. వచ్చీ రాగానే మూడు డబ్బాల దగ్గర మొదలెట్టాడు.

"ఒక పెద్దమనిషి ఇంటికి పిలిచాడండీ. మేడ మీద పిల్లల గది, కిటికీ పక్కన గోడకి పగులు. అది కనపడకుండా ఏదో ఒకటి గీసి పొమ్మన్నాడు. నేనేం చేశాను, పగులు ఎటు వంకర పోతే అటే వంకర తిప్పి ఒక తీగ వేశాను, మూడు పువ్వులు పెట్టాను. మూరెడు తీగ, అంతే. గొప్పలు చెప్పుకోవడం నాకు మొదట్నుంచీ చేతకాదు. కుంచె కడుక్కుంటుంటే కిటికీలోంచి సీతాకోకచిలుక ఒకటి వచ్చి నా పువ్వు మీద వాలింది."

"వాలుతుందిలే," అన్నాడు టైలరు. "మా కొట్లో పూల గుడ్డ మీద కూడా వాలింది ఒకసారి. దానికీ బుద్ధి లేదు."

ఎలక్ట్రీషియన్ గ్లాసు కింద పెట్టాడు. "వస్తానన్నా, పై వీధిలో మీటరు చూడాలి," అని మోకాళ్ళ మీద చేతులు ఆనించాడు.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా?" అన్నాడు బాబాయ్, రెండు చేతులూ అడ్డం పెట్టి. "కూర్చో తమ్ముడూ, కూర్చో, ఇది నీకు సంబంధించిందే. పొద్దున వెళ్ళి చూద్దును కదా, మూరెడు తీగ గోడంతా పాకి, సీలింగు ఎక్కి, ఫ్యానుకి మూడు చుట్లు చుట్టుకుంది."

ఎలక్ట్రీషియన్ చేతులు మోకాళ్ళ మీదే ఆగిపోయాయి. "ఫ్యానుకి చుట్టుకుంటే మోటారు కాలిపోవాలే."

"కాలింది."

"కాలిన వాసన రావాలే."

"వచ్చింది. పూల వాసన. ఇల్లుగలావిడ ఆ వాసనకి మురిసిపోయి ఫ్యాను బాగుచేయించొద్దంది."

ఎలక్ట్రీషియన్‌కి అందులో తప్పెక్కడుందో అంతుపట్టలేదు. వెన్నుపలకకి చేరగిలబడి ఆలోచనలో పడ్డాడు. అతను చేరగిలబడగానే బాబాయ్ కళ్ళు మూసుకుని, మళ్ళీ తెరిచాడు. నొప్పి పుట్టినవాడిలా ఉన్నాడే అనుకుంది అమ్మాయి.

వెతకడం మొదలెట్టింది. ఏం పాడైంది? కెటిల్ బాగానే ఉంది. స్టవ్ వెలుగుతోంది. షట్టరు పొద్దున తనే ఎత్తింది, కిర్రుమంది గానీ లేచింది. వెనక గది తాళం వేసినట్టే ఉంది. గోడకి ఒక్క గీత కూడా పడలేదు. బల్లయితే కళకళలాడుతోంది. మరి ఈయన ఎందుకిలా ఆపకుండా వాగుతున్నట్టు?

"తీగ పెరిగాక ఆకులు రాలవా? రాలాయి. పొద్దున్నే చేటలకెత్తేవాళ్ళు. మంచం మీద ఆకులు, స్కూలు సంచీలో ఆకులు, పెరుగు గిన్నెలో ఆకులు. పిల్లలేమో తీగకి దాహమేస్తోందని ఏడుపు. సరే, పెంచినవాడు పోషించకపోతే పాపం కదా. కిటికీ కింద ఒక కొలను వేశాను. కొలనులోంచి తీగకి నీళ్ళు పొయ్యడానికి ఒక మనిషి కావాలి కదా. నడుం దాకా మనిషి, కిందంతా చేప. ఇదిగో, తమ్ముడి కింద ఉందే, దీనికి అక్క."

ఎలక్ట్రీషియన్ వంగి తన కాళ్ళ సందులోంచి చూసుకోబోయాడు. "కదలకు," అన్నాడు బాబాయ్ కంగారుగా. "అంటే, చూపు తగులుతుంది. సిగ్గెక్కువ దానికి."

"ఒకటి చెప్పు," అన్నాడు టైలరు. "నడుం దాకా మనిషన్నావు. ఆవిడ పైకి ఏం తొడుక్కుంది?"

"పొలుసులే."

"కొలతలెవరు తీశారు?"

"కుంచే తీసింది."

"కుంచెకేం తెలుసు కొలతలు? నలభై రకాల భుజాలు చూసినవాణ్ణి నేనే ఒక్కోసారి తప్పుతాను." టైలరు ఇవాళ కొత్త ప్యాంటు తొడుక్కొచ్చాడు, లేత గోధుమరంగుది. ఊరందరికీ కుట్టి కుట్టి, ఇన్నాళ్ళకి తనకంటూ కుట్టుకున్నది. గిరాకీకి చూపించుకోవడానికి పనికొస్తుందని మడత నలగకుండా కూర్చున్నాడు. ఇప్పుడు మడత సర్దుకోవడానికి కాస్త పైకి లేవబోయాడు.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

టైలరు మళ్ళీ చతికిలబడ్డాడు.

"ఆవిడ నీళ్ళు పోస్తుంటే కొలను పొంగింది. మేడ మీద పొంగితే కింద కురవదా? కింద వంటింట్లో గొడుగు పట్టుకుని వండుతున్నారు. పెద్దమనిషి నా కాలర్ పట్టుకున్నాడు. నువ్వు పెట్టిన కొలను, నువ్వే ఆపు అన్నాడు. అప్పుడు కొలను చుట్టూ గట్టులాగా ఏడు పడగల పాముని చుట్టబెట్టాను. పెద్దాయన కింద ఉందే, దీని మేనమామ."

"ఏడు తలలకి ఏడు టిక్కెట్లా, ఒకటేనా?" అన్నాడు కండక్టరు.

బాబాయ్ ఒక్క క్షణం తడబడ్డాడు. "ఒకటే. కాదు, తలకి సగం."

"అంటే మూడున్నర. అర టిక్కెట్టుకి తల ఎంత ఎత్తుండాలో తెలుసా నీకు?"

"తెలీదు. అదీ సంగతి, దానికీ తెలీదు. ఏడు తలలూ ఆ ముక్క మీదే కొట్లాడుకున్నాయి. ఒకటి అటు లాగుతుంది, ఒకటి ఇటు లాగుతుంది, గట్టు వదులైపోయింది, నీళ్ళు మళ్ళీ..."

"ఒక్క నిమిషం," అన్నాడు టైలరు. "గట్టు కట్టింది నీళ్ళాపడానికా, పెంచడానికా? నాకు కలగాపులగంగా ఉంది."

"నాకూ అప్పుడు అలాగే ఉండేదండీ."

కండక్టరు నవ్వి, గ్లాసు ఇవ్వడానికి ముందుకి జరగబోయాడు. జరగలేదో, జరగబుద్ధి కాలేదో, అలాగే ఉండి చెయ్యి మాత్రం చాపాడు. "అమ్మాయ్, ఇంకోటి పొయ్యి. ఈ బస్సు ఇప్పట్లో స్టాపుకి రాదు."

అమ్మాయి పోసింది. ముగ్గురికీ మూడో గ్లాసు ఇది. మామూలుగా ఒక్క గ్లాసు తాగి పోయేవాళ్ళు. బేరం పెరిగినందుకు సంతోషించాలో, బాబాయ్ ముఖాన చెమట చూసి భయపడాలో తేలక, ఆమె రెండు పనులూ సగం సగం చేసింది.

"నువ్వూ కూర్చుని చెప్పు బాబాయ్. కాళ్ళు లాగవూ?"

"కళాకారుడు కూర్చుంటే కథ కూర్చుంటుందమ్మా," అన్నాడాయన. అని, ఊపిరి తీసుకోకుండా ఏనుగెక్కాడు. "నీళ్ళు తాగాలంటే ఏనుగుని మించింది లేదు కదా. వేశాను. ఉత్త ఏనుగైతే గది చాలదు, పైకి ఎగిరి చోటివ్వాలని రెక్కలు పెట్టాను. పూర్వం ఏనుగులన్నిటికీ రెక్కలుండేవట, తర్వాత ఊడిపోయాయట, కనక నేను కొత్తగా చేసిందేమీ లేదు, ఉన్నవి అతికించాను. అది కొలను మొత్తం ఒక్క గుక్కలో పీల్చింది. పీల్చి, తృప్తిగా రెక్క విదిలించింది. విదిలిస్తే గోడ కదిలింది. ఎందుకంటే ఏనుగు గోడకి అంటుకుని ఉంది. గోడ ఇంటికి అంటుకుని ఉంది. ఒకదానికొకటి అంటుకున్నాక ఏం చేస్తాం చెప్పండి, అంటుకోవడమంటే చిన్న విషయం కాదు..."

ఇక్కడ ఎందుకో బల్లవైపు జాలిగా చూశాడు.

"ఇల్లు లేచిందా?" అన్నాడు ఎలక్ట్రీషియన్.

"లేచింది తమ్ముడూ. వంటింట్లో పోపు మాడకుండా లేచింది."

"మరి కరెంటు తీగ తెగదూ? నీళ్ళ గొట్టం?"

"తెగలేదు, సాగాయి."

"కరెంటు తీగ సాగదన్నా."

"నేను వేసిన తీగ."

ఎలక్ట్రీషియన్ టైలరు వైపు చూశాడు. టైలరు కండక్టరు వైపు చూశాడు. కండక్టరు, "ఏ స్టేజీలో దిగారు?" అన్నాడు.

"దిగడమెక్కడ? పైకి పోయి పోయి మేడ కొస మబ్బుకి తగులుకుంది. మబ్బు పర్రున చిరిగింది."

"చిరిగితే ఎవరు కుట్టారు?" టైలరుకి ఇప్పుడు నిజంగానే పట్టింది. "అంచు లోపలికి మడిచారా, పైనుంచే కుట్టేశారా?"

"మీలాంటి పనివాడు అందుబాటులో లేక, నేనే కిటికీలోంచి వంగి రంగుతో అతికించాను. ఎరుపు దట్టంగా, చుట్టూ కాస్త పసుపు. ఇప్పటికీ సాయంత్రం పూట ఆకాశం ఒక పక్క ఎర్రగా కనపడుతుందే, అందరూ సూర్యుడనుకుంటారు. అది నా అతుకు."

బల్ల మీద ముగ్గురూ మెడలు చాచి ఆకాశం వైపు చూశారు.

అమ్మాయి స్టవ్ తగ్గించడానికి వంగింది. స్టవ్ బల్ల కింద, నిన్న బల్ల కోసమని తను విడిగా కొనిచ్చిన రంగు డబ్బాలున్నాయి. ఎరుపొకటి, పసుపొకటి, నీలమొకటి. కాలితో తోసింది. ఖాళీ చప్పుడు చేస్తూ దొర్లాయి. మూతలు తీసి చూసింది. మూడూ అడుగంటా నాకేసినట్టున్నాయి.

ఆమె బుర్ర అడక్కుండానే లెక్క వేసేసింది. ఒక డబ్బాతో ఒక తలుపుకి రెండు వైపులా వేయొచ్చని రంగుల షాపువాడే చెప్పాడు. బల్ల మొత్తం కలిపితే తలుపుకి ఒక వైపంత. అంటే అర డబ్బా. మూడు డబ్బాలంటే ఆరు బల్లల రంగు. మిగతా అయిదు బల్లల రంగూ ఎక్కడికి పోయింది? నేల మీద ఒలకలేదు. గోడకి అంటలేదు. అమ్ముకునేంత తెలివి బాబాయ్‌కి లేదు.

ఆమె తల ఎత్తి ఉబ్బెత్తు తీగల్ని చూసింది. ఈక ఈకా లేచి నిలబడాలని, పూత మీద పూత, పూత మీద పూత. ఆరు బల్లల రంగూ ఈ ఒక్క బల్ల మీదే ఉంది. పైపొర ఆరింది, మీగడ కట్టినట్టు. కింద పాలు పాల్లాగే ఉన్నాయి. ఆ మీగడ మీద ముగ్గురు మనుషులు, మూడు గ్లాసుల టీ సేపు, ఒంటి వెచ్చదనంతో సహా.

ఎవరు కదలబోయినా "ఆ తర్వాత ఏమైందో తెలుసా" ఎందుకు వచ్చిందో అప్పుడు అర్థమైంది.

"ఆ తర్వాత ఏమైందో..." అంటున్నాడు బాబాయ్. ఎందుకంటే రోడ్డుకి అవతల టైలరు కొట్టు ముందు ఒకావిడ గుడ్డల సంచీతో నిలబడి ఇటు చూస్తోంది.

"బాబాయ్," అంది అమ్మాయి. "ఇల్లంతా వేశాక, పామూ ఏనుగూ వేశాక, ఆకాశానికి అతుకు వేశాక, ఆ మూడు డబ్బాలూ అయిపోయాయా?"

"అయిపోవడమా? ఇప్పటికీ సగం సగం మిగిలే ఉన్నాయి."

"మరి నిన్న ఈ బల్లకే మూడూ అయిపోయాయేం?"

బాబాయ్ నోరు తెరుచుకునే ఉంది. పొద్దున్నించీ మొదటిసారి కొట్టు ముందు రోడ్డు చప్పుడు వినపడింది.

"ఇంకొకటి," అంది ఆమె మెల్లగా. "అందరినీ కూర్చో కూర్చో అంటున్నావు. నువ్వెందుకు కూర్చోలేదు?"

ఆ ప్రశ్నకి జవాబు కండక్టరుకి ముందు తట్టింది. ఆయన అరచేత్తో తన పక్కన బల్లని ఒక్కసారి నొక్కి, వెంటనే చెయ్యి తీసేసుకున్నాడు. తర్వాత టైలరుకి తట్టింది. ఆయన లేవబోయాడు. ఆయన లేచాడు గానీ ప్యాంటు లేవలేదు. ఎలక్ట్రీషియన్ ఒక చెయ్యి పట్టుకుని లాగాడు. మబ్బు చిరిగిన చప్పుడు ఎలా ఉంటుందో అప్పుడు అందరూ విన్నారు.

గుడ్డ చిరగలేదు, కుట్టు అంత గట్టిది. బల్ల మీద నడుమ ఏనుగుండాల్సిన చోట పాత చెక్క బోడిగా కనపడింది. ఏనుగు మాత్రం టైలరు వెనకాల ఉంది. తొండంతో, దంతాలతో, రెండు రెక్కలూ రెండు వైపులకీ చాపి, ఒక్క ఈక కూడా చెదరకుండా.

కండక్టరు చుట్టూ తిరిగి చూసి వచ్చాడు. "నువ్వు చెప్పినవాటిలో ఒకటి మాత్రం నిజమయ్యా ఆర్టిస్టూ. ఏనుగు పైకి లేచింది. దిగిన స్టేజీయే వేరు."

ఎలక్ట్రీషియన్ లేచాడు. చేప మనిషి సగం అతనితో వచ్చింది, తోక బల్ల మీదే ఉండిపోయింది. వీపు నిండా తీగ. కండక్టరుకి పాము ఏడు తలల్లో నాలుగు దక్కాయి. "టిక్కెట్టు తీసుకున్నవి వచ్చాయి," అన్నాడాయన.

టైలరుకి కోపం గొంతుదాకా వచ్చింది. "నా ప్యాంటు," అన్నాడు. "నాకోసం నేను కుట్టుకున్న ప్యాంటు." ఇంకా ఏదో అనబోయేంతలో సంచీ ఆవిడ రోడ్డు దాటి వచ్చేసింది. ఆయన వెనక్కి తిరిగి దాచుకోబోతే ఆవిడకి పూర్తిగా కనపడింది.

"టైలరు గారూ, ఈ డిజైను కొత్తగా వచ్చిందా? మా అమ్మాయి గౌను అంచుకి ఇలాంటిదే కావాలి. ఏనుగు కాస్త చిన్నదైతే బావుంటుంది."

టైలరు ఆవిడ వైపు చూశాడు, బాబాయ్ వైపు చూశాడు, మెడ తిప్పి అందినంత మేర తన వెనక చూసుకున్నాడు. తిట్టాలో ఆర్డరు రాసుకోవాలో తేలక, "రేపు రండి, కనుక్కుని చెప్తాను," అన్నాడు.

అమ్మాయి ఇదంతా చూడ్డం లేదు. ఆమె రోడ్డుకి అవతల చూస్తోంది. అద్దాల షాపు ముందు నిచ్చెనెక్కి బోర్డు బిగిస్తున్న ఇద్దరూ పని ఆపేసి ఇటే చూస్తున్నారు. బస్సు దిగినవాళ్ళు ఆగి ఇటే చూస్తున్నారు. ఒకడు ఇంకొకడికి చెయ్యెత్తి ఏనుగుని చూపిస్తున్నాడు.

బాబాయ్ మెట్టు పక్కన తల దించుకుని నిలబడ్డాడు. జేబులోంచి కుంచె తీసి, దాని వెంట్రుకలు వేళ్ళతో దువ్వుతున్నాడు. "పొద్దున వచ్చి ఎవరూ కూర్చోకుండా తాడు కడదామనుకున్నానమ్మా. ఈలోపే కూర్చున్నారు. చెప్తే గోడ పోతుంది కదా. కాసేపు మాట్లాడితే ఆరిపోతుందేమోనని..." అని ఆగాడు. "ఆ ఈకలు చదునుగా వేస్తే ప్రాణం ఉండదు."

"గోడ మీద ఎవరూ కూర్చోరు," అంది అమ్మాయి.

ఆయన తల ఎత్తాడు.

"రేపు మొదలుపెట్టు. డబ్బాలు ఆరూ నా దగ్గరే ఉంటాయి, ఒకటి అయిపోయాకే ఇంకోటి తీసిస్తా. పూత ఆరిందో లేదో నేను గోరుతో గీరి చూశాకే మీద పూత. ఏనుగు పెద్దదే వెయ్యి. ఈ ముగ్గురి బట్టల సంగతి పిన్నితో మాట్లాడతా."

"పిన్నితోనా?" బాబాయ్ ముఖం పాలిపోయింది.

"లేదా, వీళ్ళకి న్యాయం ఇక్కడే చెయ్యి." ఆమె ఒక గ్లాసులో టీ పోసి, బల్ల మీద ఇంకా ఎవరూ కూర్చోని చోటు చూసి పెట్టింది. కండక్టరూ టైలరూ కూర్చున్న చోట్లకి నడుమ ఖాళీ అది. నిగనిగలాడే పువ్వొకటి అక్కడ వెన్నుపలక మీద పూర్తిగా మిగిలి ఉంది. "పొద్దున్నించీ నిలబడే ఉన్నావు. కూర్చుని తాగు బాబాయ్."

ముగ్గురూ పక్కకి తప్పుకుని దారిచ్చారు. "రైట్ రైట్," అన్నాడు కండక్టరు.

బాబాయ్ గ్లాసుని చూశాడు, పువ్వుని చూశాడు, పక్కనున్న ఖాళీ గోడని ఈ చివర నుంచి ఆ చివర దాకా చూశాడు. కుంచె జేబులో పెట్టుకున్నాడు. ప్యాంటు మోకాళ్ళ దగ్గర కాస్త పైకి లాక్కుని, బల్ల వైపు ఒక అడుగు వేశాడు.